కొండమీది మాదిరి, దమస్కు మాదిరి: చిత్రాన్ని చూసి చిత్రము గీయుటపై ఒక పరిశీలన

పరిచయము

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములోని గ్రామ సంఘాలకు వెళ్లినప్పుడు ఆరాధన గది గోడ మీద సాధారణంగా ఒకటో రెండో చిత్రాలు కనిపిస్తాయి. తలుపు తట్టుచున్న ప్రభువు, తోటలో మోకరించిన ప్రభువు, శిష్యులతో బల్ల యొద్ద కూర్చున్న ప్రభువు. వీటిని మొట్టమొదట గీసినది ఎవరో చాలామంది విశ్వాసులకు తెలియదు. ఎవరో గీసిన దానిని చూసి ఇంకొకరు గీశారు. దానిని క్యాలెండరు ముద్రించినవారు తీసుకొన్నారు. ఆ క్యాలెండరును చూసి మన ఊరి పెయింటరు గోడ మీద వేశాడు. ఇప్పుడు గుడారాల పండుగ వచ్చిందంటే ఫ్లెక్సీ దుకాణములో అవే బొమ్మలను కత్తిరించి, అతికించి, పెద్దవి చేసి ఇస్తున్నారు.

చిత్రాలు సంఘములో ఉండవచ్చునా, ఉండకూడదా అన్న వివాదము ఈ వ్యాసపు పరిధిలోనిది కాదు. వాటికి సాగిలపడకూడదన్న విషయములో మనలో భేదము లేదు. అయితే అవి మన గోడల మీద ఉన్నాయి. చదువురాని తల్లికి, బడికి పోని పిల్లవానికి ఆదివారము ప్రసంగము కంటె ఎక్కువ కాలము ఎదుట నిలిచి బోధించేవి అవే. కనుక అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. గొప్ప చిత్రకారుల పనిని చూసి కొత్త చిత్రము గీయుట శిష్యత్వమా, సోమరితనమా? ఏది ఎప్పుడు ఏదవుతుంది? చిత్రాన్ని చూసి చిత్రము గీసేవాడు దాని వెనుక ఉన్న వాక్యాన్ని కూడా తిరిగి చదివితే అది శిష్యత్వమని, చిత్రాన్ని మాత్రమే చూసి ఊరుకుంటే వాక్యము కొంచెము కొంచెముగా జారిపోతుందని ఈ వ్యాసము వాదిస్తుంది.

1. వాక్యములోని రెండు మాదిరులు

మాదిరిని చూసి చేయుట వాక్యములో రెండు చోట్ల ప్రత్యేకంగా కనిపిస్తుంది. మొదటిది ప్రత్యక్షగుడారము. కొండమీద చూపబడిన మాదిరి చొప్పున సమస్తము చేయవలెనని మోషేకు ఆజ్ఞ (నిర్గమ 25:40). అయినను ఆ పనికి నియమింపబడిన బెసలేలు దేవుని ఆత్మతోను, విచిత్రమైన పనులను కల్పించు నేర్పుతోను నింపబడ్డాడు (నిర్గమ 31:1-11, 35:30-35). ఇది గమనార్హము. మాదిరి చేతిలో ఉన్నది కదా, ఇక నేర్పు ఎందుకు అని వాక్యము అనలేదు. మందసమునకు కొలతలు ఇవ్వబడ్డాయి గాని దాని మీది కెరూబుల ముఖము ఎట్లుండవలెనో చెప్పబడలేదు. అవి ఒకదానినొకటి చూచుచుండవలెనని, రెక్కలు చాచియుండవలెనని మాత్రమే ఉన్నది. మిగిలినది పనివాడు ప్రార్థించి, ఆలోచించి, తన చేతితో చేయవలసినది.

రెండవది ఆహాజు కథ (2 రాజులు 16:10-16). అష్షూరు రాజును కలిసికొనుటకు దమస్కునకు వెళ్లిన ఆహాజు అక్కడ ఒక బలిపీఠాన్ని చూశాడు. దాని పోలికను, మచ్చును యాజకుడైన ఊరియాకు పంపాడు. రాజు తిరిగి రాకమునుపే ఊరియా అచ్చముగా అటువంటిదే కట్టించాడు. పనిలో లోపమేమీ లేదు. నకలు సరిగానే ఉన్నది. అయితే యెహోవా సన్నిధినున్న ఇత్తడి బలిపీఠము ప్రక్కకు జరుపబడింది. ఆహాజు ఆ నమూనాను ఎందుకు ఎన్నుకున్నాడు? అది గెలిచినవాడు కూర్చున్న పట్టణములో ఉన్నది గనుక. ఊరియా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గోడమీది బొమ్మ విషయములో కాపరి ఊరియా స్థానములో నిలిచి ఉంటాడు. ఈ సంగతి మరువరాదు.

2. మార్కును ఎదుట పెట్టుకొన్న మత్తయి

వేదాంత కళాశాలలో చదివిన ప్రతివారికి తెలిసిన విషయమే ఇక్కడ ఉపయోగపడుతుంది. మార్కు సువార్త ముందుగా వ్రాయబడినదని, మత్తయి, లూకాలు దానిని ఎదుట పెట్టుకొని వ్రాశారని పండితులలో ఎక్కువమంది అంగీకరిస్తారు. తనకు ముందు అనేకులు ఈ పనికి పూనుకొన్నారని లూకా స్వయంగా చెప్పి, తాను తిరిగి మొదటినుండి పరిశీలించానని కూడా చెబుతాడు (లూకా 1:1-4).

తుపాను అణచిన సంఘటన చూడండి. మార్కు 4:35-41లో శిష్యులు ఆయనను బోధకుడని పిలిచి, మేము నశించిపోవుచుంటే నీకు చింత లేదా అని నిష్ఠూరమాడుతారు. మత్తయి 8:23-27లో వారు ఆయనను ప్రభువా అని పిలిచి రక్షింపుమని వేడుకుంటారు. దానికి ముందు వచనాలలోనే ఆయనను వెంబడించుట అంటే ఏమిటో మత్తయి చెప్పియున్నాడు. దోనె అదే, గాలి అదే. చూపు మారింది. తన సంఘము తుపానులో ఉన్నదని మత్తయికి తెలుసు. గుంథర్ బోర్న్‌కామ్ 1948లో ఈ భాగముపై వ్రాసిన వ్యాసము సంపాదక విమర్శకు నాంది పలికిన వాటిలో ఒకటి. చిత్రకళకు ఇక్కడ ఒక సూత్రము దొరుకుతుంది. ముందున్న పనిని గౌరవించుట, తిరిగి పరిశీలించుట, తన సంఘము నిలిచిన చోటునుండి చెప్పుట. ఈ మూడూ ఉంటే అది నకలు కాదు, సాక్ష్యము.

3. నిర్మల్ పలక: మన గుమ్మము ముందున్న పాఠము

ఈ విషయాన్ని అర్థము చేసుకొనుటకు మనము దూరము పోనక్కరలేదు. 2016 అక్టోబరు 11 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, ఆ తేదీనుండి తానే జిల్లా కేంద్రమైన నిర్మల్ పట్టణము కొయ్యబొమ్మలకు, పలకలపై వేసే చిత్రాలకు పేరుపొందింది. బొమ్మలకు తేలికైన పొణికి కర్ర వాడుతారు. చిత్రాలకు టేకు పలక, తరువాతి కాలములో ప్లైవుడ్ వాడుతూ వచ్చారు. పలకను నునుపు చేసి, పూతలు పూసి, ఎక్కువగా నల్లని నేల సిద్ధము చేస్తారు. దాని మీద బంగారు వన్నెతో, రంగులతో ఆకారాలు తేలుతాయి. పూర్వము చెట్లనుండి, ఖనిజాలనుండి తీసిన రంగులు వాడేవారు. తరువాత డ్యూకో రంగులు వచ్చాయి. ఈ పని చేసేవారిని నకాషీలంటారు.

నకాషీల చిత్రాలలో ఎక్కువ భాగము వేరొకరి చిత్రాలను చూసి చేసినవే. అజంతా గుహలలోని ఆకృతులు, మొగలు దర్బారు సూక్ష్మచిత్రాలు వారికి ముఖ్యమైన మూలాలు. నిజాము కాలములో అజంతా, నిర్మల్ రెండూ ఒకే హైదరాబాదు సంస్థానములో ఉండేవని గుర్తుంచుకోవాలి. అజంతాను నకలు చేయుట ఆ కాలములో ఒక పెద్ద పని. రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి వేసిన నకళ్లలో అధికభాగము 1866లో లండను క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదములో కాలిపోయాయి. జాన్ గ్రిఫిత్స్ బృందము వేసిన వాటిలో చాలా భాగము 1885లో మరొక అగ్నికి ఆహుతయ్యాయి. ఆ తరువాత 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ మళ్లీ నకళ్లు వేయించినప్పుడు ఆ బృందములో నందలాల్ బోస్‌తో పాటు హైదరాబాదునుండి వెళ్లిన సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ ఉన్నారు. గుహలో నెలల తరబడి కూర్చుని ఒక గీత వెంట ఇంకొక గీత వేయుట కూడా ఒక విధమైన ధ్యానమే.

మొగలు మూలము మనకు ఇంకా దగ్గరిది. 1580లో జెసూయిట్ మిషనరీలు ఫతేపూర్ సిక్రీకి వచ్చి అక్బరుకు ఆంట్‌వెర్ప్‌లో అచ్చయిన బహుభాషా బైబిలు సంపుటాలను బహూకరించారు. వాటితోను, వాటి తరువాతను వచ్చిన చెక్కుడు ముద్రణలను దర్బారు చిత్రకారులు శ్రద్ధగా నకలు చేశారు. అబుల్ హసన్ అనే పదమూడేండ్ల బాలుడు 1600 ప్రాంతములో, జర్మను కళాకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1511లో చెక్కిన సిలువ దృశ్యమునుండి యోహాను ఆకారాన్ని మాత్రము తీసుకొని గీశాడు. అది నేడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ సంగ్రహాలయములో ఉన్నది. ఆ బాలుడే తరువాత జహంగీరు దర్బారులో అగ్రశ్రేణి చిత్రకారుడయ్యాడు. మొగలు శైలి అనే నదిలో కలిసిన పాయలలో సువార్త చిత్రాలది కూడా ఒకటి. ఆ శైలిని నేర్చుకొన్న నిర్మల్ పలకను మనకు సంబంధము లేని వస్తువుగా భావించుట చరిత్ర తెలియకపోవుటే.

నిర్మల్ పలకలోని బలము దాని నల్లని నేలలో ఉన్నది. అజంతా గోడనుండి వచ్చిన ఆకారమైనా, మొగలు కాగితమునుండి వచ్చినదైనా ఆ చీకటిలోనికి దిగి, కొత్త వెలుగుతో బయటికి వస్తుంది. అది నకాషీలు తామే చేర్చినది. బలహీనత కూడా చెప్పవలెను. అజంతాలోని ఆకారాలు బుద్ధుని గూర్చిన కథలలో, భిక్షువులు నడచు గోడల మీద ఉండేవి. అవి పలక మీదికి వచ్చేసరికి కథ వెనుకబడిపోయి ఒంటరి సుందరాకృతి మిగులుతుంది. అతిథి గదిలో అలంకారమవుతుంది. ఎవరి కథయో ఇంటివారికే తెలియదు. ఇది నకాషీల దోషము కాదు. కొనేవారు అదే అడిగారు.

4. వాన్ గో: నలుపు తెలుపులను చదివినవాడు

పాశ్చాత్య కళలో ఈ విషయమునకు మంచి ఉదాహరణ విన్సెంట్ వాన్ గో. ఆయన పాస్టరు కుమారుడు. తానును 1879లో బెల్జియములోని బోరినాజ్ బొగ్గుగనుల కార్మికుల మధ్య సువార్తికునిగా పనిచేశాడు. 1889-90లో ఫ్రాన్సులోని సెయింట్ రెమీ వైద్యశాలలో ఉన్నప్పుడు తమ్ముడు తెయో పంపిన నలుపు తెలుపు ముద్రణలను ఎదుట పెట్టుకొని రంగులలో కొత్త చిత్రాలు వేశాడు. ఒకరు కట్టిన రాగాన్ని మరొక సంగీతకారుడు తన వాయిద్యముపై పలికించినట్లు ఆయన ఈ పనిని భావించాడు.

దెలక్రోయి సుమారు నలభై ఏళ్ల క్రితము గీసిన మంచి సమరయుని చిత్రాన్ని ఆయన 1890లో తిరిగి వేశాడు. ముద్రణలో తలక్రిందులైన కుడి ఎడమలను కూడా అలాగే ఉంచాడు. గాయపడినవానిని వాహనము మీదికి ఎత్తుచున్న సమరయుని నడుము వంగి, కాళ్లు బిగిసి, ఆ మోత బరువు మనకు తెలుస్తుంది. దాటిపోయినవారు దూరముగా దారి వెంట చిన్నగా కనిపిస్తారు. కరుణను మనము మనస్సులో కలిగే మెత్తదనముగా బోధిస్తుంటాము. ఈ చిత్రములో కరుణ నడుము నొప్పి పుట్టించే పని. లూకా 10:34 కూడా అదే చెబుతుంది గదా. కట్టుట, పోయుట, ఎక్కించుట, తీసికొనిపోవుట, అన్నీ చేతిపనులే.

అదే సంవత్సరము రెంబ్రాంట్ చెక్కిన లాజరు చిత్రాన్ని తీసుకొని ఇంకొక చిత్రము వేశాడు. రెంబ్రాంట్‌లో చేయి ఎత్తి నిలిచిన క్రీస్తు ఉన్నాడు. వాన్ గో లాజరును, అతని సహోదరీలను ఉంచి క్రీస్తును వదలివేశాడు. ఆయన ఉండవలసిన చోట సూర్యుడు ఉన్నాడు. చిత్రముగా అది బలమైనదే. మరణపు అంచున నిలిచిన మనిషి వెలుగుకై పెట్టిన మొరగా దానిని చూడవచ్చు. కాని యోహాను 11వ అధ్యాయములో లాజరును బయటికి రప్పించినది వెలుగు కాదు, పేరు పెట్టి పిలిచిన స్వరము. పిలిచేవాడు లేని పునరుత్థానాన్ని సంఘపు గోడకు ఎక్కించలేము. ఎంత గొప్ప చిత్రకారుడు తిరగవ్రాసినా వాక్యము ప్రక్కన పెట్టి చూడవలసినదేనని ఈ రెండు చిత్రాలు నేర్పుతున్నాయి.

5. మన గోడలమీది క్రీస్తు

ఇప్పుడు మన గోడల దగ్గరికి వద్దాము. తలుపు తట్టుచున్న ప్రభువు చిత్రమునకు ప్రసిద్ధ మూలము ఆంగ్ల చిత్రకారుడు విలియమ్ హోల్మన్ హంట్ 1851-53లో వేసిన లోకమునకు వెలుగు అనే చిత్రము. అది రాత్రి. తలుపు చుట్టూ కలుపు పెరిగి ఉన్నది. ప్రభువు తలపై ముండ్లకిరీటము, చేతిలో దీపము. తలుపుకు బయట పిడి లేదు. అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్‌మన్ 1942లో ఇదే విషయాన్ని తిరిగి వేశాడు. పిడి లేని తలుపును ఉంచాడు గాని దీపాన్ని తీసివేశాడు. కలుపు తగ్గింది, రాత్రి భయము తగ్గింది. ప్రభువు ఆప్యాయముగా ఒక ఇంటి తలుపు తట్టుచున్నాడు. మన క్యాలెండర్లకు వచ్చినది ఎక్కువగా ఈ రెండవ పోలిక.

ఇందులో ఏమి పోయింది? ప్రకటన 3:20 లవొదికయ సంఘమునకు వ్రాసిన లేఖలోనిది. తనకేమియు కొదువ లేదనుకొన్న సంఘపు తలుపు బయట ప్రభువు నిలిచియున్నాడన్నది ఆ వచనములోని ఘాటైన మాట. అవిశ్వాసి హృదయమునకు ఇచ్చే ఆహ్వానముగా దానిని చెప్పుటలో మేలు కలిగినమాట నిజమే. కాని చిత్రము చేతులు మారిన ప్రతిసారి సంఘము మీది గద్దింపు పలుచబడుతూ వచ్చింది. ఆ చిత్రాన్ని మన సంఘములోనే తగిలించుకొని, ఆ మాట ఎవరికో అనుకొని కూర్చున్నాము.

సాల్‌మన్ 1940లో వేసిన క్రీస్తు శిరస్సు అనే చిత్రము యాబై కోట్లకు పైగా ప్రతులుగా లోకమంతట వ్యాపించిందని అంచనా. దానికి ముందు ఆయన 1924లో బొగ్గుతో గీసిన రూపమునకు, ఫ్రెంచి చిత్రకారుడు లెయోన్ లెర్మిట్ 1892లో వేసిన దీనుల స్నేహితుడు అనే చిత్రములోని క్రీస్తు ముఖమునకు గల పోలికను పరిశోధకులు గుర్తించారు. లెర్మిట్ చిత్రములో క్రీస్తు బీద రైతుల ఇంటిలో, వారి బల్ల యొద్ద కూర్చున్నాడు. అది ఎమ్మాయు భోజనపు దృశ్యము. తల ఒక్కటే విడిగా వచ్చినప్పుడు బల్ల పోయింది, రొట్టె పోయింది, బీదవారు పోయారు. తెల్లని, నిర్మలమైన ఒక ముఖము మిగిలింది. కూలికి పోయే మన విశ్వాసులకు అందినది ఆ ముఖమే గాని ఆ బల్ల కాదు.

ప్రభురాత్రి భోజనపు బల్ల వెనుక మనము తగిలించే చిత్రము సంగతి కూడా ఆలోచించవలెను. లియొనార్డో 1495-98 మధ్య మిలాను పట్టణములో మఠవాసులు భోజనము చేసే గది గోడ మీద దానిని వేశాడు. అందులో ప్రధానముగా కనిపించేది మీలో ఒకడు నన్ను అప్పగించునని చెప్పగానే శిష్యులలో పుట్టిన కలవరము (యోహాను 13:21-22). నేనా, నేనా అని ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొనే ఘడియ అది. 1 కొరింథీ 11:28తో కలిపి బోధిస్తే ఆ బల్ల వెనుక అంతకంటె తగిన చిత్రము ఉండదు. బోధించని చోట అది పదముగ్గురు కూర్చున్న విందు మాత్రమే.

6. తెలుగు నేలపై దొరికిన రెండు దారులు

ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం హైదరాబాదులోను, బరోడాలో కె. జి. సుబ్రహ్మణ్యన్ వద్దను నేర్చుకొన్నారు. గురువు గీతను మోసుకొని తిరగలేదు. తన ఊరికి కళ్లు త్రిప్పి, నుదుట పెద్ద బొట్టు, ముదురు రంగు చీర కట్టిన తెలంగాణ స్త్రీని గీశారు. ఆయన విషయము మతపరమైనది కాదు. అయినను గొప్పవారి వద్ద నేర్చుకొనుట అంటే ఏమిటో ఆయన పని చూపుతుంది.

లూథరన్ పాస్టరుగాను, వేదాంత పండితునిగాను సేవచేసిన పులిదిండి సొలొమోన్ రాజ్ (1921-2019) రెండవ దారి. విజయవాడ కేంద్రముగా ఆయన కొయ్యచెక్కుడు ముద్రణలు, బాతిక్ చిత్రాలు చేశారు. బాతిక్ అనగా బట్టపై మైనము పూసి రంగులో ముంచే పద్ధతి, జావాలో వర్ధిల్లినది. ఈ పద్ధతులేవీ ఆయన కనిపెట్టినవి కావు. కాని ఆయన చిత్రాలలో క్రీస్తు పరదేశిగా, బీదల మధ్య నిలిచినవాడుగా, మన ఎండలో నడచినవాడుగా కనిపిస్తాడు. లూకా సువార్తలోని విడుదల అనే అంశముపై ఆయన బాతిక్ చిత్రాలు చేశారు. చిత్రముతో పాటు ధ్యానవాక్కులు వ్రాయుట ఆయన అలవాటు. పద్ధతి ఎరువు తెచ్చుకొన్నదే, చదువు మాత్రము తనది. మత్తయి చేసినదానికి ఇది దగ్గరిది.

7. కాపరులు అడగవలసిన ప్రశ్నలు

సంఘములో ఒక చిత్రము వేయించునప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుట మంచిది.

మొదటిది, ఈ చిత్రము ఏ వచనమునకు చెందినది, ఆ వచనము ఎవరికి వ్రాయబడినది? పెయింటరుకు క్యాలెండరు ఇచ్చి పంపకుండ, అతనితో కూర్చొని ఆ భాగాన్ని చదివి వినిపించవలెను.

రెండవది, మూలములోనుండి ఏది తీసివేశాము, ఏది చేర్చాము? తీసివేసినది రొట్టెయా, బీదవాడా, గద్దింపా?

మూడవది, ఈ చిత్రములో మన సంఘస్థులు ఎక్కడ ఉన్నారు? సమరయుడు గాయపడినవానిని ఎత్తుచున్న దారి మన సిరిసిల్ల మరమగ్గాల వీధి కావచ్చు, సింగరేణి గని దారి కావచ్చు, గోండు గూడెమునకు పోయే బాట కావచ్చు. రంగు, బట్ట మార్చినంత మాత్రాన సరిపోదు. దారి కూడా మనది కావలెను.

నాలుగవది, ఇది ఎవరి కష్టము? మన దేశ చట్టము ప్రకారము చిత్రకారుడు మరణించిన తరువాత 60 సంవత్సరాల వరకు అతని చిత్రముపై హక్కు ఉంటుంది. హంట్, వాన్ గో చిత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. 1968లో మరణించిన సాల్‌మన్ చిత్రాలకు ఇంకా తీరలేదు. దొంగతనాన్ని నిషేధించిన ఆజ్ఞ ఫ్లెక్సీకి కూడా వర్తిస్తుంది. ఫలానా చిత్రకారుని శైలిలో బొమ్మ కావాలని కంప్యూటరుకు చెబితే క్షణములో ఇచ్చే రోజులు వచ్చాయి గనుక ఈ ప్రశ్న ఇంకా అవసరము. అక్కడ శైలి దొరుకుతుంది. వాక్యముతో పెనుగులాడినవాడు ఎవరూ ఉండరు.

ఇక్కడ ఒక అభ్యంతరము రావచ్చు. నకాషీ మన విశ్వాసము కలవాడు కాకపోతే అతనిచేత పని చేయించవచ్చునా? సొలొమోను మందిరపు ఇత్తడి పనికి తూరునుండి హీరామును పిలిపించాడు (1 రాజులు 7:13-14). పనివాని నేర్పు దేవుని ఈవియే. వాక్యార్థము చెప్పే బాధ్యత కాపరిది. తగిన కూలి ఇచ్చే బాధ్యత సంఘానిది.

ముగింపు

మన పొరుగున, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయపు రంగుటద్దాల కిటికీలను లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించాడు. వాటి గుండా ఉదయపు ఎండ లోపలికి వచ్చినప్పుడు ఎవరికైనా హృదయము కదులుతుంది. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయములో బిషప్ అజరయ్య కాలపు సంఘము గుడి స్తంభాన్ని, మసీదు గుమ్మటాన్ని చూసి నేర్చుకొని తనదైన ఆరాధనాలయాన్ని కట్టుకొన్నది. మొదటిది మనకు అందిన బహుమానము. రెండవది మనము చేసిన పని. బహుమానాలను కాదనవలసిన పని లేదు, కాని వాటితోనే తరాలు గడుపుట తగదు.

నిర్మల్ నల్లని పలక మీద, చీకటిలోనుండి బంగారు వన్నెతో తేలివచ్చే ఎమ్మాయు బల్లను ఊహించండి. బల్ల యొద్ద కూర్చున్న ఇద్దరు మన ఊరి కూలివారు. రొట్టె విరుచుచున్న చేతులకు గాయపు గుర్తులు. లెర్మిట్ బల్లను తిరిగి తెచ్చినట్లవుతుంది, నకాషీ వెలుగును వాడుకొన్నట్లవుతుంది, లూకా 24వ అధ్యాయాన్ని చదివినట్లవుతుంది. అటువంటి పలక ఒకటి చేయించుటకు పెద్ద ధనము అక్కరలేదు. కాపరి ఒక సాయంత్రము బైబిలు పట్టుకొని నకాషీ ఇంటికి వెళ్లవలెను. ఊరియా అడగని ప్రశ్న మనము అడగవలెను.